సగం తప్పు

ఆళ్లగడ్డ పొలిమేరలో శిల్పాల షెడ్ల దగ్గర బస్సు ఎవరినో ఎక్కించుకోవడానికి ఆగినప్పుడు ఎస్తేరు ఫోను మోగింది. ఇంగ్లండు నంబరు. రాతిని కోసే మిషన్ల రొదలో లాయరు హెలెన్ చెప్పిన మొదటి మాట ఒక్కటే తేటగా వినిపించింది. గెలిచాం. ఎస్తేరు ఎడమచేత్తో ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు, రెండో చెవి మూసుకునే వీల్లేదు. గెలిచాం, కానీ, అంది హెలెన్. బస్సు కదిలింది, రొద వెనక్కి పోయింది, ఆ తర్వాత ప్రతి మాటా వినబడింది. జడ్జి తీర్పు చెప్పారు. నువ్వు పనిచేసిన వృద్ధాశ్రమం వాళ్లది తప్పే అన్నారు. మనుషుల్ని తక్కువ పెట్టుకుని ఉన్నవాళ్లతో ఎక్కువ గంటలు చేయించారన్నారు. ముసలివాళ్లను ఎత్తే యంత్రం కొక్కెం అరిగిపోయిందని తెలిసీ మార్చలేదన్నారు. కానీ సగం తప్పు నీదన్నారు ఎస్తేర్. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కదానివే చేశావు, సాయానికి మనిషి ఉండి కూడా ఆగలేదు, అందుకని సగం. నష్టం ఇంత అని లెక్కగట్టి అందులో సగం కోసేశారు. మిగిలింది, పోయినేడు వాళ్లు రాజీకి ఇస్తామన్న దానికంటే తక్కువైంది. అప్పుడే చెప్పాను నీకు, ఆ రాజీ కాదని కోర్టుకు పోయి అంతకన్నా తక్కువ తెచ్చుకుంటే, రాజీకి ఇచ్చిన గడువు దాటిన నాటి నుంచి వాళ్ల లాయర్ల ఖర్చు మన నెత్తిన పడుతుందని. అది నీకు రావలసిన దాంట్లోంచే పట్టుకుంటారు. మా ఫీజు వాటా కూడా అందులోంచే పోతుంది. నువ్వు ఎదురు కట్టాల్సింది ఏమీ లేదు, ఇంటి మీదికి ఎవరూ రారు. నీ చేతికి వచ్చేది కూడా ఏమీ ఉండదు.

ఏమీ అంటే ఏమీ. ఎస్తేరు ఆ మాటను నోట్లో వేసుకుని అటూ ఇటూ తిప్పింది, దానికి రుచి లేదు. కిటికీలోంచి ఎండ మోకాళ్ల మీద పడుతోంది, పడుతున్నట్టు కనబడుతోంది గానీ వేడి తెలియడం లేదు. ఆడవాళ్లకు టికెట్టు లేదన్నప్పటి నుంచి ఈ బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు, అంతమంది మాట్లాడుతుంటే ఒక్క గొంతూ చెవిలోకి దిగడం లేదు, అందరూ నీళ్ల అడుగున ఉన్నట్టున్నారు, లేదా తనే ఉంది. ఇంకో సంగతి, అంది హెలెన్. ఆమె గొంతు మెల్లగా, రోగి మంచం పక్కన మాట్లాడినట్టు అయింది. విచారణ రెండో రోజు మనకు సరిగ్గా జరగలేదని అప్పుడు అన్నాను కదా. నాగజ్యోతి సాక్ష్యం వల్ల. రాసి ఇచ్చిన వాంగ్మూలంలో లేని ముక్క ఒకటి బోనులో నిలబడి చెప్పింది. నేను వస్తున్నాను ఆగు అని చెప్పాను, ఎస్తేరు ఆగలేదు, అంది. జడ్జి దాన్నే పట్టుకున్నారు. నిజమేనా ఎస్తేర్? ఆగమందా నిన్ను? ఎస్తేరు నోరు తెరిచింది. సిగ్నల్ సరిగా లేదు మేడం, అని ఇంగ్లీషులో అని, ఎర్రబొత్తం నొక్కేసింది. ఫోనులో గీతలన్నీ నిండుగానే ఉన్నాయి.

ఈ బస్సు నంద్యాలకు పోతోంది. నంద్యాల బస్టాండులో తనకోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంటానన్న మనిషి నాగజ్యోతే. సెలవు మీద వచ్చిందట, మొన్న ఫోను చేసి రా అక్కా, నువ్వు రావాల్సిందే, బస్టాండుకే వస్తా, అని ఒకటే పోరు పెట్టింది. ఎస్తేరు మధ్యాహ్నం కూర్చుని ఎడమచేత్తో జొన్నపిండి తట్టింది, రొట్టె గుండ్రంగా రాలేదు, అయినా చేసింది, ఆ దేశంలో జొన్నరొట్టె కోసం ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు తనకు తెలుసు గనుక. నువ్వులపొడి కూడా కట్టింది. ఒళ్లో సంచి ఇంకా వెచ్చగానే ఉన్నట్టుంది. ఆగమన్నానని చెప్పిందా. జ్యోతా. ఏ జ్యోతి, ఇంకెవరైనా జ్యోతి ఉందా ఆ ఆశ్రమంలో, హెలెన్ పొరబడిందేమో, తెల్లవాళ్లకు మన పేర్లన్నీ ఒకలాగే వినబడతాయి కదా. లేదు. జ్యోతి ఒక్కతే. ఒక్క గదిలో రెండు మంచాలు, ఒక అల్మరా అరలో తన బైబిలు, పక్కనే ఆమె మహానంది పటం, ఆదివారం తను చర్చికి పోయి వచ్చేసరికి ఆమె అన్నం వండి ఉంచేది, సోమవారం ఆమె ఒక్కపొద్దుంటే తను పండ్లు కోసి పెట్టేది. అక్కా నువ్వు లేకుంటే ఈ చలికి ఈడ్నే చచ్చిపోయిందును, అనేది, రెండు రగ్గులూ కప్పుకుని కళ్లు మాత్రం బయట పెట్టి. ఆ కళ్లతోనే జడ్జిని చూస్తూ చెప్పిందా. ఇంగ్లీషులో చెప్పి ఉంటుంది. ఐ టోల్డ్ హర్ టు వెయిట్. వెయిట్ అనే మాట ఆమె ఎలా పలుకుతుందో కూడా చెవిలో వినబడింది ఎస్తేరుకు, చివర్లో కొంచెం సాగదీసి.

ఆ రోజు. ఎన్నిసార్లు చెప్పింది ఆ రోజు గురించి, డాక్టర్లకు, హెలెన్‌కు, చెప్పీ చెప్పీ అది తనకు జరిగినట్టు కాక ఎవరో చెప్పిన కథలా అయిపోయింది. ఇప్పుడు మాత్రం అది వెనకసీటులో కూర్చుని మెడ మీద ఊపిరి వదులుతోంది. మధ్యాహ్నం, కిటికీ బయట సన్నటి వాన, కారిడారులో ఉడికిన క్యాబేజీ వాసన. మార్గరెట్ అమ్మ మంచం మీద నుంచి కుర్చీలోకి దిగాలని గొడవ చేస్తోంది, ఎస్తా ఎస్తా అని పిలుస్తోంది, ఆమెకు తన పేరు అంతవరకే తిరుగుతుంది. ఆశ్రమంలో ఉండే ముసలామె, భారీ మనిషి, కాళ్లు పడిపోయాయి. అలాంటివాళ్లను లేపడానికి చిన్న క్రేను లాంటి యంత్రం ఉంటుంది, కింద గుడ్డజోలె వేసి, నాలుగు మూలలా కొక్కాలకు తగిలించి, మీట నొక్కితే మనిషి గాల్లోకి లేస్తుంది. ఒకరు మీట దగ్గర, ఒకరు మనిషి దగ్గర ఉండాలి. గోడ మీద బొమ్మ వేసి మరీ అంటించారు. రెండోమనిషి కోసం వెతుక్కుంటూ పోయింది తను. ఆ అంతస్తు మొత్తానికి ఆ పూట తనూ జ్యోతీ ఇద్దరే. దుప్పట్లు పెట్టే గది తలుపు తీస్తే జ్యోతి కుర్చీలో ఉంది, తల గోడకు ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు కింద. రాత్రి డ్యూటీ చేసి, పగలు రావలసినవాళ్లు రాకపోతే అదే పనిగా పగలూ చేస్తోంది. ఆ మొహం చూసి ఎస్తేరు నోటిదాకా వచ్చిన పిలుపు మింగేసింది. పాపం, పదినిమిషాలు పడుకోనీ అనుకుంది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది. గడియ చప్పుడవుతుందేమోనని దాన్ని వేలితో పట్టుకుని మరీ వదిలింది. అదీ జరిగింది. ఆగు అన్నదెవరు, నిద్రపోయేవాళ్లు ఆగు అంటారా?

జోలె లేచింది, మార్గరెట్ అమ్మ నవ్వింది, ఒక కొక్కెం జారింది. అంతే. ఆ పక్కకు ఒరిగిన మనిషి కింద ఎస్తేరు తన భుజం పెట్టింది, పెట్టాలని అనుకోలేదు, భుజమే పోయింది. లోపల ఏదో తడిగుడ్డ చింపినట్టు వినబడింది. మార్గరెట్ అమ్మకు గీత కూడా పడలేదు. ఎస్తేరుకు ఆ తర్వాత పని లేదు, పని లేకపోతే వీసా లేదు, వీసా లేకపోతే అక్కడ ఉండే హక్కు లేదు, సామాను సర్దింది కూడా జ్యోతే, విమానాశ్రయం దాకా వచ్చి ఏడ్చింది కూడా జ్యోతే.

"ఏందమ్మా, ఎవురన్నా పోయినారా?" పక్కసీటామె మోచేత్తో పొడిచింది. ఒళ్లో గోరుచిక్కుళ్ల మూట. సిరివెళ్లలో ఎక్కినట్టుంది, అయితే సిరివెళ్ల దాటామా, ఎప్పుడు దాటాం? ఎస్తేరు తల అడ్డంగా ఊపింది. "పోకుంటే మేలే. మొగం సున్నమేసినట్లుండాది, అందుకడిగితి. నీళ్లు తాగుతావా?" ఎస్తేరు ఎడమచేత్తో సీసా అందుకోబోతే సగం నీళ్లు చీర మీద పడ్డాయి. "పడనీలేమ్మా, నీళ్లే గదా," అంటూ ఆమె తన కొంగుతో తుడిచింది, తుడుస్తూనే ముందుసీటువాళ్లతో మిరపతోట తెగుళ్ల గురించి మాట్లాడుతోంది. కుడివైపు దూరంగా నల్లమల నీలంగా, ఏమీ పట్టనట్టు బస్సుతో పాటు వస్తోంది. పోయినారా అని అడిగింది కదా. పోయారేమో. ఎవరు పోయారో చెప్పలేకపోతోంది అంతే.

రాజీ. ఆ రాజీ తీసుకుని ఉంటే. యేసుదాసు చెప్పాడు, తన మొగుడు, జీవితంలో గట్టిగా ఒక మాట అనని మనిషి, కుట్టుమిషను పెడలు మీద కాలు ఆపి మరీ చెప్పాడు. తీసుకో ఎస్తేరూ, భుజానికి ఆపరేషను జేపిచ్చుకుందాం, దుడ్లు ఎట్లొస్తే ఏంది. హెలెన్ కూడా చెప్పింది, ఇది పందెం లాంటిది, నేను వద్దనను, కానీ బాగా ఆలోచించుకో అని. ఆలోచించింది. ఆ కాగితంలో ఒక వాక్యం ఉంది, మా తప్పేమీ ఒప్పుకోకుండా ఈ మొత్తం ఇస్తున్నాము అని. ఆ వాక్యం గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. తప్పు ఎవరిదీ కాకపోతే మరి ఈ చెయ్యి ఎందుకిలా వేలాడుతోంది? పొద్దున్నే మొగుడు తనకు జడ వేస్తాడు, సూదిలో దారం ఎక్కించే వేళ్లతో, వాకిట్లో ఎవరైనా ఉంటే తలుపు వేసి వేస్తాడు, తనకు సిగ్గవుతుందని. ఆ జడ వేసే ప్రతిసారీ అనుకునేది, ఎవరో ఒకరు, ఒక పెద్దమనిషి, కుర్చీలో కూర్చుని నలుగురి ముందు చెప్పాలి, అమ్మా ఇందులో నీ తప్పు లేదు అని. అదొక్కటే కావాలి. దానికోసం రాజీని కాదంది. ఇప్పుడు ఆ పెద్దమనిషి చెప్పాడు. సగం ఉందమ్మా అన్నాడు. యేసుదాసుకు ఏమని చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి? మొదలంటూ పెడితే ఆయన ఏమీ అనడు, పెడలు మీద కాలు మాత్రం ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం చూడడం తన వల్ల కాదు.

నువ్వు మాత్రం ఏం చెప్పావు ఎస్తేరూ. ఎవరో అడిగినట్టే వినబడింది, బస్సు హారను మోత కింద నుంచి. హైదరాబాదులో ఒక ఆఫీసు గదిలో తెర ముందు కూర్చోబెట్టారు, బైబిలు మీద చెయ్యి పెట్టించారు, ఎడమచెయ్యే పెట్టింది. తెరలో చిన్నగా కనబడుతున్న అవతలి లాయరు ఎంతో మర్యాదగా అడిగాడు, ఆ సమయంలో సాయానికి ఎవరున్నారు అని. ఆ గదిలో ఎవరూ లేరండీ. ఎవరినైనా పిలిచారా? లేదండీ. ఎందుకు పిలవలేదు? నేనొక్కదాన్నే చేయగలననుకున్నాను. చేయగలనని ఎన్నడూ అనుకోలేదు తను. జ్యోతి డ్యూటీలో నిద్రపోయిందని బయటపడితే ఆ సాయంత్రానికే తీసేస్తారు, తీసేస్తే ఆమె వీసా కూడా తన వీసా దోవే పడుతుంది, నంద్యాలలో అవ్వ దగ్గరున్న కూతురు చదువు ఏమవుతుంది, ఏజెంటు అప్పు ఏమవుతుంది. అందుకని బైబిలు మీద చెయ్యి పెట్టి, చేయగలననుకున్నాను అంది. ఆ మాటతోనే సగం తప్పు తన చేతులారా తనే రాసిచ్చింది. దాని కింద సాక్షి సంతకం మర్నాడు జ్యోతి పెట్టింది. తను ఆమెను దాచడానికి అబద్ధమాడుతుంటే ఆమె తనను ముంచడానికి అబద్ధమాడింది, ఆ రెండూ ఒకదానికొకటి ఎంత చక్కగా అతుక్కున్నాయో, జడ్జికి కుట్టు కూడా కనబడలేదు. ఎస్తేరుకు నవ్వొచ్చింది. నవ్వు కాదది, గొంతులోంచి ఏదో శబ్దం, గోరుచిక్కుళ్లామె మళ్లీ చూసింది. దిగిపోదామా. అయ్యలూరు మెట్ట దగ్గర దిగి అవతలి రోడ్డుకు పోయి ఆళ్లగడ్డ బస్సెక్కేద్దామా. లేవలేకపోయింది. కాళ్లకు ఎవరూ చెప్పలేదు ఇంకా, గెలిచామో ఓడామో. బస్సు నంద్యాలలోకి తిరిగింది, విత్తనాల దుకాణాలు, ఆటోలు, ఆస్పత్రుల బోర్డులు, అన్నీ నిన్నటిలాగే ఉన్నాయి, అదే దిగ్భ్రమగా ఉంది, ఒక్కటి కూడా మారలేదు.

బస్టాండులో అందరూ దిగాక చివర దిగింది. జ్యోతి పరుగెత్తుకుంటూ వచ్చింది. కొంచెం లావైంది, పసుపుపచ్చ చుడీదారు, మెడలో అదే నల్లపూసల గొలుసు. "అక్కా! ఎంతసేపైంది చూస్తాండా, బేగా వస్తావనుకుంటి," అంటూ సంచి అందుకోబోయి ఆగిపోయింది. "ఏమైందక్కా?"

"తీర్పు వచ్చింది."

జ్యోతి మొహం మీద నవ్వు ఇంకా కాసేపు అలాగే ఉంది, తీయడం మర్చిపోయినట్టు. తర్వాత అది కూడా పోయింది. ప్లాట్‌ఫారం చివర ఎవరూ లేని సిమెంటు బెంచీ వైపు నడిచింది ఎస్తేరు, వెనక జ్యోతి చెప్పుల చప్పుడు. కూర్చున్నారు.

"నీకు అది తెలిసేలోపలే చెప్పాలనుకున్న్యా అక్కా," అంది జ్యోతి. "అందుకే పిలిపిచ్చినా నిన్ను. ఒట్టు."

"ఆగమన్న్యానని చెప్పినావంట."

"మేనేజరు పిలిచినాడక్కా. నా వీసా పొడిగించే కాగితం ముందర పెట్టుకోని కూచ్చున్యాడు. ఏమీ అనలా. దాని మీద చెయ్యి పెట్టుకోని కూచ్చున్యాడు అంతే. కోర్టులో వాళ్ల లాయరు అడిగినాడు, నువ్వేమన్నావు ఆమెతో అని. నోట్లోంచి వచ్చేసింది."

"నువ్వు నిద్రపోతాండావని నేను ఒక్కరికి గూడా చెప్పలా మే," అంది ఎస్తేరు. గొంతు పైకి లేవలేదు, అందుకు తనకే ఆశ్చర్యమేసింది. "యేసుదాసుకు గూడా చెప్పలా. బైబిలు పట్టుకోని అబద్దం చెప్పినా నీకోసరం."

జ్యోతి ఒళ్లో చేతులు ఒకదాన్నొకటి పిసుకుతున్నాయి. బస్సుల పేర్లు చదివే మైకు గొంతు ఆగాక చెప్పింది. "నేను నిద్రపోలా అక్కా."

ఎస్తేరు ఆమె వైపు తిరిగింది.

"కండ్లు మూసుకోనుంటి. మార్గరెట్ అమ్మ అరిచేది ఇనపడతానే ఉండె. నువ్వు తలుపు తీసింది తెల్సు నాకు. కండ్లు తెరిస్తే లేయాల. కాళ్లు లేస్తే గదక్కా, రాతిరి నుంచి నిలబడిన కాళ్లు. పిలిస్తే లేద్దాంలే అనుకున్న్యా. పిలిచింటే లేచిందును. నువ్వు పిలవకుండా తలుపేసి పోతివి. గడియ గూడా చప్పుడు కాకుండా ఏసినావు. అది గూడా తెల్సు నాకు."

ఎండ, బెంచీ, గోడ మీద సినిమా కాగితాలు, అన్నీ ఒక్క క్షణం ఎస్తేరు నుంచి దూరంగా జరిగాయి. ఇన్నాళ్లూ ఆ మొహం తనలో ఒక చోట పదిలంగా ఉండేది, తెరుచుకున్న నోరు, కింద పడిన చెప్పు, చెయ్యి నొప్పెట్టిన ప్రతి రాత్రీ పోనీలే పాపం అనుకోవడానికి అదే ఆధారం. నిద్రలో ఉన్న ఆ మనిషి అసలు లేదు. కళ్లు మూసుకున్న మనిషి ఒకతె, నోరు మూసుకున్న మనిషి ఒకతె, మధ్యలో తలుపు. తను పిలిచి ఉంటే. ఆమె లేచి ఉంటే. ఒక్క పిలుపు, జ్యోతీ అని ఒక్కసారి. సగం అన్నాడే ఆ జడ్జి, అందరూ అబద్ధాలే చెప్తే విని ఆ సగం ఎక్కడి నుంచి తెచ్చాడు, అది తప్పా, ఒప్పా, ఎంతవరకు తప్పు? ఆ లెక్క ఇప్పుడు తనకే తేలడం లేదు. లోపల ఒకటి మాత్రం తెగింది, భుజంలో తెగినట్టే, తడిగుడ్డ చింపినట్టు.

"తిట్టక్కా. ఏమన్నా అను. అట్ల చూడొద్దు," అంటోంది జ్యోతి. ఏడుస్తోంది, ముక్కు చున్నీతో తుడుచుకుంటోంది. "నేను లాయరుకు చెప్పేదా అక్కా? జరిగింది జరిగినట్లు చెప్పమంటే చెప్తా."

ఆ అడగడంలో ఒక బతిమాలాట ఉంది. వద్దులే అంటావు కదా అక్కా, అని. ఎస్తేరుకు అది స్పష్టంగా వినబడింది, ఎందుకంటే జీవితమంతా తను చెప్పిన జవాబు అదే. వద్దులే, పడుకోనీ. వద్దులే, నేను చేసుకుంటాలే. ఆ మాట ఇప్పుడూ నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది.

"చెప్పు," అంది.

తన నోట్లోంచేనా వచ్చింది అని ఎస్తేరు ఉలిక్కిపడింది. జ్యోతి కూడా ఏడుపు ఆపి చూసింది.

"నా వీసా పోతాదక్కా."

"తెల్సు."

"నీకు దుడ్లు గూడా రావేమో ఇంక."

"ఇప్పుడూ ఏం రాలా. నువ్వు చెప్పినాంక నేనూ చెప్తా. నేనూ అబద్దమే చెప్పినా గదా."

ఎడమచేత్తో ఫోను తీసి హెలెన్ నంబరు నొక్కింది, మోగడం మొదలయ్యాక జ్యోతి చేతిలో పెట్టింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. దూరదేశపు మోత ఒకటి, ఆగి ఇంకొకటి. జ్యోతి ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎస్తేరు కళ్లలోకి చూస్తూనే ఉంది, ఒక్క తల ఊపు కోసం, ఇంక చాల్లే పెట్టేయ్ అనే ఒక్క సైగ కోసం. ఎస్తేరు చూపు తిప్పుకోలేదు, తల ఊపలేదు. అవతల ఎవరో ఎత్తారు. జ్యోతి వీపు నిటారుగా చేసుకుని, నా పేరు నాగజ్యోతి అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది.